అన్యునికి వేసిన కుర్చీ

1974వ సంవత్సరం క్రిస్మస్ ఉదయం తిరువూరులోని మా దేవాలయంలో ఎవరెవరు ఏ వరుసలో ఉన్నారో ముందుగా చెప్పడం అవసరం. ఆనాడు జరిగిన రభస అంతా కూర్చున్న చోట్లనుబట్టే జరిగింది.

బల్ల వెనుక అయ్యగారు. ఆయన ఆ ఏడే మా సంఘానికి వచ్చిన పిన్నవయస్కుడైన పాస్టరు. బల్లకు కుడివైపు కుర్చీలో సంఘ పెద్ద కృపానందం గారు. ఎడమవైపు, తెల్ల దుప్పటి పరిచి, చేతులకు బంతిపూల దండ చుట్టిన పెద్ద కుర్చీలో జగన్నాథరావు గారు. ఆ పక్కన, అతిథికి తోడుగా, ఎస్. లాజరు, బి.ఏ., ఎల్.టి., అనగా నేను. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగ విరమణ చేశాను, సంఘ పెద్దరికం నుంచి కూడా విరమించాను. అయినా ఆ కుర్చీ నాదిగానే ఉండిపోయింది. కింద చాపల మీద కుడివైపు పురుషులు, ఎడమవైపు స్త్రీలు. స్త్రీలలో అందరికంటే ముందు, గోడకు చేరగిలబడి, పుల్లమ్మ అనే వృద్ధురాలు. అందరికంటే చివర, సరిగా చెప్పాలంటే లోపల కాకుండా బల్లకు ఎదురుగా ఉన్న గుమ్మం బయట, వరండా మెట్టు మీద, ఆమె కొడుకు ఏసురత్నం.

జగన్నాథరావు గారు హిందువు. రెడ్డిగూడెం వైపు మామిడి తోటలున్న రైతు. అంతేగాక తిరువూరు సంతకు వచ్చే గంపలకూ మేకలకూ ఆశీలు వసూలు చేసుకునే హక్కును ఏటా వేలం పాటలో దక్కించుకునేవారు. క్రిస్మస్‌కు మా దేవాలయానికి దీపాలూ షామియానా ఆయనే పంపేవారు. అందుకు ప్రతిగా ఆరాధన ముగిశాక ఆయనను ఆహ్వానించి, ముందు కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, కేకు పెట్టి, ఉపన్యాసం వినడం మా ఆనవాయితీ. ఆ ఏడు విస్సన్నపేటలో తోట బేరం ఒకటి ఉన్నందువల్ల ఆయన తొందరపడి ఆరాధన మధ్యలోనే వచ్చారు. పొరపాటుకు మొదలు అక్కడే పడింది.

ఏసురత్నం మెట్టు మీద ఎందుకున్నాడో కూడా చెప్పాలి. అతడు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, నోటి దురుసు కలవాడు. అతని తండ్రి దాసు బాప్తిస్మం పొందకముందూ, పొందిన తరువాతా డప్పు వాయించడంలో చుట్టుపక్కల పేరు పొందిన మనిషి. తనను సమాధుల తోటకు డప్పులతోనే తీసుకుపోవాలని చనిపోయే ముందు కొడుకు దగ్గర మాట తీసుకున్నాడు. క్రైస్తవ భూస్థాపనలో డప్పులు కూడదని మా సంఘం అంతకు చాలాకాలం క్రితమే తీర్మానించింది. ఆ తీర్మానం రాసినవాణ్ణి నేనే. అది సబబైనదేనని ఈనాటికీ నా అభిప్రాయం.

అంతకు ముందటి ఏడు దాసు పోయినప్పుడు డప్పులు సమాధుల తోట గేటు దాకా మోగాయి. కృపానందం గారు గేటుకు అడ్డంగా నిలబడి, ముందున్న వాద్యగాడి చేతిలోని డప్పును పట్టుకుని లాగారు. ఏసురత్నం ఆయనను తోశాడు. వర్షాకాలం కావడంవల్ల ఆయన బురదలో పడ్డారు, కళ్ళజోడు పగిలింది. చూసినవాళ్ళలో కొందరు నవ్వారు. పడినదానికంటే ఆ నవ్వే ఆయనను ఎక్కువగా బాధించిందని నేననుకుంటాను.

ఆ తరువాత కొద్దికాలానికి ఆయన మా ఇంటికి వచ్చారు.

"తప్పు చేసి ఒప్పుకోనివాణ్ణి ఏం చెయ్యాలో సువార్తలో ఎక్కడో ఉందిగదండీ లాజరు గారూ. ఎక్కడది?"

"మత్తయి పద్దెనిమిదో అధ్యాయం, పదిహేడో వచనం," అన్నాను.

ఆయన అడిగినది ఒక వచనం, నేను చెప్పినదీ ఒక వచనమే. సంఘం మాట కూడా విననివాణ్ణి అన్యునిలాగా, సుంకరిలాగా ఎంచుకోవాలని అందులో ఉంది. దాని ప్రకారమే సంఘంలో తీర్పయింది. ఏసురత్నం అందరి ఎదుట క్షమాపణ చెప్పేవరకు దేవాలయం గుమ్మం దాటకూడదు, ప్రభువు బల్లలో, అంటే రొట్టె ద్రాక్షారసాల సంస్కారంలో, పాలు పొందకూడదు, అతని ఇంటికి ఎవరూ పోకూడదు. అతడు క్షమాపణ చెప్పలేదు.

పుల్లమ్మకు ఏ శిక్షా లేదు. కానీ ఆ తీర్పు అయిన నాటినుంచి రొట్టె తన ముందుకు వచ్చినప్పుడల్లా ఆమె పెదవులు బిగించి తల అడ్డంగా ఊపేది. కొడుకుతో కలిసి తీసుకుంటానే తప్ప వేరుగా తీసుకోనని ఆమె పట్టు. ఆమెకు అప్పటికే ఆయాసం ముదిరింది, కాళ్ళకు నీరు దిగింది. వేసవి దాకా ఉండకపోవచ్చునని కాంపౌండరు చెప్పాడు. బల్లలో పాలు పొందకుండానే పోతానేమోననే దిగులు ఒకవైపు, పట్టు ఒకవైపు. ఆ క్రిస్మస్‌కు కొడుకు ఆమెను రిక్షాలో తెచ్చి గుమ్మం దాకా ఎత్తుకొచ్చాడు. గడప దగ్గర ఇద్దరు స్త్రీలు అందుకుని లోపలికి నడిపించారు. అతడు వెనుదిరిగి మెట్టు మీద కూర్చున్నాడు.

రొట్టె విరవడానికి ముందు కృపానందం గారు లేచి, సంస్కారపు ఆరాధన జరిగిన ప్రతిసారీ చదివే ప్రకటన చదివారు. ఏసురత్నం అనే అతణ్ణి వాక్యానుసారంగా అన్యునిగా, సుంకరిగా ఎంచవలెనని సంఘానికి జ్ఞాపకం చేశారు.

జగన్నాథరావు గారు నా చెవి దగ్గరకు వంగారు. అయితే సంతలో ఈ చివరినుంచి ఆ చివరకు వినిపించే గొంతు ఆయనది. గుసగుసలాడటం ఆయనకు చేతకాదు.

"ఇన్‌స్పెక్టరు గారూ, అన్యుడంటే ఎవరండీ?"

"ఆ కాలంలో యూదుడు కానివాడు. మా వాడుకలో క్రైస్తవుడు కానివాడు."

"అంటే నేను."

"అర్థాన్నిబట్టి చూస్తే తమరు కూడా."

"మరి సుంకరంటే?"

"బాటల్లోనూ సంతల్లోనూ రుసుము వసూలు చేసుకునే హక్కు గలవాడు."

"ఆశీలు పాటదారు!" అని చాపల మీదనుంచి ఎవరో అన్నారు. పురుషుల వైపు నవ్వు పుట్టింది. స్త్రీలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

జగన్నాథరావు గారు లేచి నిలబడ్డారు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏవయ్యా కృపానందం! ఆ కుర్రాడికి మీరేసిన శిక్ష ఏంటి? నాలాంటివాడైపోవడమా?"

"అయ్యయ్యో, మిమ్మల్ని కాదండీ. అది వాక్యంలో ఉన్న మాట."

"వాక్యంలో ఉన్నది నేనేనని ఈయన చెబుతున్నాడుగా. అన్యుణ్ణీ నేనే, సుంకరినీ నేనే. రెండు బిరుదులూ ఒకడికే!"

"మీ సంగతి వేరండీ. మీరు మా గౌరవ అతిథి."

"వేరెట్లా అయిందయ్యా? ఒకటే మాట. దానికి నాకేమో దుప్పటేసిన కుర్చీ, వాడికేమో బయట మెట్టూనా? నా సంతలో ఎవరి మేకకైనా ఒకటే రేటు."

కృపానందం గారికి కూడా సహనం తప్పింది. "ఇది సంత కాదండీ. దేవుని మందిరం. పండగపూట ఇక్కడ కేకలెయ్యబాకండి."

"కేకలెయ్యను. మీ వాక్యం ప్రకారం నా చోటేదో అక్కడికే పోతాను," అంటూ ఆయన చేతిలోని ఉత్తరీయం భుజాన వేసుకుని, చాపల మధ్యనుంచి గుమ్మం వైపు నడిచారు. జనం కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. ఇస్త్రీ పంచెతో వరండా మెట్టు మీద ఏసురత్నం పక్కన కూర్చున్నారు.

తలుపు బార్లా తెరిచే ఉంది. బయటి మాటలు ఒక్కొక్కటీ మాకు వినిపించాయి.

"ఏంటండి, మీరొచ్చారు?" ఏసురత్నం గొంతులో మర్యాద లేదు.

"నేనూ అన్యుణ్ణేనట. అన్యులు ఇక్కడ కూర్చోవాలట."

"లేచి పోండి సార్. మీ కోపం మీది, నా గొడవ నాది. నా మెట్టు మీద మీరు పెద్దమనిషి కావద్దు."

"ఏంటయ్యా, నీ తరఫున మాట్లాడితే నన్నే కసురుతున్నావు?"

"నా తరఫునా? మీకు రోషమొచ్చి లేచారు. మా నాన్న మీ ఇంట్లో ప్రతి పెళ్ళికీ డప్పు వాయించాడు. తెల్లారేదాకా మీ గుమ్మం ముందు నిలబడే వాయించాడు. కాసేపు మెట్టు మీద కూర్చోరా దాసూ అని ఒక్కసారైనా అన్నారా?"

సంత అంతటినీ నోటితో నడిపించే ఆ మనిషి ఉత్తరీయాన్ని భుజం మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. 

"అనలేదు," అన్నారు. "తోచలేదయ్యా. నువ్వు లెమ్మంటే ఇప్పుడే లేస్తాను, చెప్పు."

ఏసురత్నం లెమ్మనలేదు, ఉండమనలేదు. తువ్వాలు సర్దుకుని కొంచెం పక్కకు జరిగాడు. చోటివ్వడానికో, తగలకుండా ఉండడానికో నేను చెప్పలేను.

లోపల కృపానందం గారు, "అయ్యగారూ, మీరు కానివ్వండి. రొట్టె విరవండి," అన్నారు.

అయ్యగారు రొట్టె మీద గుడ్డ తీయలేదు. "లాజరు గారూ," అన్నారు మెల్లగా, "ఆ వచనం ఒక్కసారి మీరే చదవండి. పైనుంచి చదవండి. పదిహేనో వచనం నుంచి."

నేను లేచి కళ్ళజోడు పెట్టుకుని చదివాను. నీ సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే మొదట నీవే వెళ్ళి, మీరిద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు అతనికి ఆ తప్పు తెలియజేయాలి. వింటే సహోదరుణ్ణి సంపాదించుకున్నట్టు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని పోవాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. అన్యుడూ సుంకరీ అనే మాటలు వీటన్నిటి తరువాత వస్తాయి.

"అవన్నీ అయ్యాయండీ," అన్నారు కృపానందం గారు. "నేను కబురు పెట్టాను. వాడు తిట్టి పంపాడు. పెద్దలు పోయారు. వాళ్ళనీ తిట్టాడు."

"కబురు ఎవరితో పెట్టారు?" అని అడిగాను.

"గంట కొట్టే బాలశౌరితో."

"వాక్యంలో బాలశౌరి లేడు," అన్నాను.

ఆయన నా వైపు తిరిగిన తీరు నాకు ఇంకా గుర్తుంది. "ఇది మీ స్కూలు తనిఖీ కాదండీ లాజరు గారూ! మీ ఇంటికొచ్చి అడిగిన రోజున ఇదంతా ఎందుకు చెప్పలేదు?"

"శిక్ష ఎక్కడుందని అడిగారు. అడిగినదానికి చెప్పాను."

"డప్పులు కూడదని రాసింది మీరు. గేటు దగ్గర నిలబడింది నేను. బురదలో పడింది నేను, పదిమందీ నవ్వింది నన్ను చూసి! మీరేమో ఆ రోజూ గొడుగు కింద నిలబడ్డారు, ఇవాళా కుర్చీలో కూర్చుని వచనాలు వల్లిస్తున్నారు."

ఆ ఆరోపణకు సమాధానం చెప్పడం అనవసరమని తోచి నేను కూర్చున్నాను.

అప్పుడు అయ్యగారు, ఎవరి వైపూ చూడకుండా, తనలో తాను చదువుకుంటున్నట్టుగా అన్నారు: "ఈ సువార్త రాసిన మత్తయే సుంకరి. సుంకం వసూలు చేస్తూ కూర్చున్న చోటికి ప్రభువే పోయి పిలిచాడు. మత్తయి ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాడు. సుంకరిలాగా ఎంచమంటే అట్లా ఎంచమని నేననుకుంటున్నాను. ఇక పోవడం మానెయ్యమని కాదు, మళ్ళీ మొదటినుంచి పోవడం మొదలుపెట్టమని."

"మీరు నిన్నగాక మొన్న వచ్చారు అయ్యగారూ," అన్నారు కృపానందం గారు. "వాడు నన్ను తోసినప్పుడు మీరు లేరు."

"నేనున్నాగా," అంది పుల్లమ్మ.

ఆమె గొంతు పెద్దది కాదు. మాట మాటకూ ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

"నేనున్నా. వాడు తోశాడు. ఎందుకు తోశావురా అని వాణ్ణి ఆ రాత్రే తిట్టా. నువ్వు డప్పు పట్టుకు లాగావు. ఎందుకు లాగావురా అని నిన్ను అడగలా. మా ఇంటి వైపు నువ్వు వస్తేగా అడిగేది?"

"పుల్లమ్మత్తా, ఇప్పుడవన్నీ..."

"మీ అమ్మ మంచాన పడి నీకు పాలు పట్టే దిక్కులేకపోతే, నిన్ను ఈ చేతుల్లో తిప్పా. ఇవాళ మా గడప తొక్కితే నీకు అంటుద్దా? ఈ పూట కూడా నా నోరు మూసుకునే ఉంటది. ఇంకో పూటకి నేనుండను. అది నీకు చెబుదామనే వాడి చేత మోయించుకుని వచ్చా."

ఆ మాట తరువాత ఆమె దగ్గుతో వంగిపోయింది. పక్కనున్న స్త్రీ వీపు నిమిరింది. గుమ్మం బయట ఏసురత్నం లేచి నిలబడడం కనిపించింది. ద్వారబంధం మీద చేయి పెట్టాడు, కానీ గడప దాటలేదు. తల్లి దగ్గుతుంటే కూడా ఆ తీర్పును అతడు దాటలేదనే సంగతి అందరం చూశాం. అతని దురుసుతనాన్ని గురించి ముందు రాసిన నేను ఈ సంగతి కూడా రాయకపోతే న్యాయం కాదు.

కృపానందం గారు కుర్చీలోంచి లేచారు. ఆయన ఎటు పోతారో మాకు తెలియలేదు. ఇంటికి పోతారనే నేననుకున్నాను. ఆయన గుమ్మం వైపు నడుస్తుంటే, అలవాటు చొప్పున ఇద్దరు పెద్దలు లేచి వెంట బయలుదేరారు. ఆయన ఆగి వాళ్ళను చేతితో వారించారు.

"ఒక్కణ్ణే పోవాలట," అన్నారు, నా వైపు చూసి, పళ్ళు బిగించి. "అట్లాగేగా రాసుంది, ఇన్‌స్పెక్టరు గారూ?"

"అవును," అన్నాను.

ఆయన గడప దాటారు. జగన్నాథరావు గారు పరిస్థితిని గ్రహించి, మెట్టు మీదనుంచి లేచి, దూరంగా గంట కట్టిన స్తంభం దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. కృపానందం గారు వెనక్కు తిరిగి తలుపు దగ్గరగా వేశారు.

ఆ తలుపు వెనుక ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. ఒకసారి మాత్రం "నా మొహం మీద నవ్వారురా" అని కృపానందం గారి కేక వినిపించింది. అంతకంటే పెద్దగా "మా నాన్నకి మాటిచ్చాను బావా" అని ఏసురత్నం కేక వినిపించింది. తరువాత కేకలు లేవు. లోపల ఎవరూ పాట ఎత్తుకోలేదు, ప్రార్థన చేయలేదు. చంటిపిల్ల ఒకతె ఏడిస్తే తల్లి నోరు మూసింది.

తలుపు తెరుచుకున్నప్పుడు ఇద్దరి ముఖాల్లోనూ ప్రసన్నత ఏమీ లేదు. కౌగిలింతలు కూడా లేవు. కృపానందం గారు వెళ్ళేటప్పుడు ఎంత కోపంగా ఉన్నారో వచ్చేటప్పుడూ అంతే కోపంగా ఉన్నారు. ఏసురత్నం కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి.

"మేమిద్దరం మాట్లాడుకున్నాం," అన్నారు కృపానందం గారు సంఘంతో. "ఏం మాట్లాడుకున్నామో మీకు అక్కర్లేదు. ఇందాక చదివిన ప్రకటన ఇక లేదు. ఏసురత్నం, లోపలికి రా."

అతడు లోపలికి వచ్చి పురుషుల చివరి వరుసలో చాప అంచున కూర్చున్నాడు. అయ్యగారు రొట్టె విరిచారు. పుల్లమ్మ నమలలేదు కనుక చిన్న ముక్కను ద్రాక్షారసంలో ముంచి ఆమె నోట పెట్టారు. ఆమె దానిని వెంటనే మింగలేదు. రొట్టె వరుసలన్నీ దాటి కొడుకు దాకా వెళ్ళేవరకు మెడ తిప్పి చూస్తూనే ఉంది. అతడు తీసుకున్న తరువాతనే మింగింది.

అందరూ తీసుకోవడం అయ్యాక జగన్నాథరావు గారు గుమ్మం దగ్గరకు వచ్చి, లోపలికి తల పెట్టి అడిగారు. "ఇన్‌స్పెక్టరు గారూ, ఇప్పుడు నా చోటెక్కడ?"

"తమకు బల్లలో పాలు లేదు. కుర్చీ ఉంది."

"ముందు ఆ దండ తీసెయ్యండి," అన్నారు ఆయన. ఎవరూ కదలకపోయేసరికి తానే తీసి కిటికీలో పెట్టి కూర్చున్నారు. ఆ ఏడు ఉపన్యాసం ఇవ్వలేదు. కేకు తినకుండా, విస్సన్నపేట బస్సుకు వేళయిందని లేచిపోయారు. మరుసటి ఏడు దీపాలు పంపారు గాని తాను రాలేదు. అన్యుణ్ణి ఏ కుర్చీలో కూర్చోబెట్టాలనే ప్రశ్న మా సంఘంలో ఆ తరువాత కూడా చాలాసార్లు లేచింది, ఇంకా తేలలేదు.

పుల్లమ్మ ఎండలు ముదరకముందే పోయింది. ఆమె భూస్థాపనలో డప్పులు లేవు. ఆమె అడగలేదు. సమాధికి ఒక పక్క ఏసురత్నం, రెండో పక్క కృపానందం గారు నిలబడి మట్టి వేశారు. వారిద్దరికీ ఈనాటికీ పెద్దగా స్నేహం లేదు. అవసరమైన మాటలు మాత్రం మూడో మనిషి చేత చెప్పించకుండా తామే చెప్పుకుంటున్నారు.

ఈ సంగతిని ఊళ్ళో పలువురు పలువిధాలుగా చెప్పుకుంటున్నారు. జగన్నాథరావు గారు సంఘాన్ని అవమానించారని కొందరు, అయ్యగారు ప్రసంగంతో మనసులు మార్చారని కొందరు, నేను వచనం చదివి కృపానందం గారి నోరు మూయించానని కొందరు. ఇవేవీ నిజం కావు. ఒక వాక్యాన్ని చదవడం చదువుకున్నవాడెవడైనా చేయగల పని.

సంఘ పెద్ద శ్రీ కృపానందం గారికీ నాకూ ఏనాడూ పొసగలేదు. నా పట్ల ఆయన ఆనాడు ఆడిన మాటలను నేను మరువలేదు, ఆయన వాటిని ఉపసంహరించుకోలేదు. అయినప్పటికీ, 1974 క్రిస్మస్ ఉదయం, సంఘమంతా చూస్తుండగా, తనను బురదలో పడవేసిన మనిషి దగ్గరకు, కోపం చల్లారకముందే, ఎవరినీ వెంటబెట్టుకోకుండా, కుర్చీలోంచి లేచి తానొక్కరే నడిచి వెళ్ళినందుకు, ఆ సంఘ సభ్యులలో ఒకనిగా ఎస్. లాజరు అనే నేను ఆయనకు ఇందుమూలంగా నా కృతజ్ఞతను తెలియజేస్తున్నాను.